అమ్మ ఫోన్‌లో 1 నొక్కింది. మరి పోయిన నెల ఇంటికొచ్చి ఎందుకు ఏడ్చినట్టు?

చిత్రావతి_గట్టు (అనంతపురం) · సోమవారం రాత్రి 9:40

మొన్న ఆదివారం ఊర్లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్‌కు సర్వే కాల్ వచ్చింది. రికార్డు గొంతు. "ప్రభుత్వ ఆసుపత్రిలో అందిన సేవలతో మీరు సంతృప్తి చెందారా? అవును అయితే 1, కాదు అయితే 2 నొక్కండి." గొంతు మాట పూర్తి చేయకముందే అమ్మ 1 నొక్కేసి, ఫోన్ పక్కన పెట్టి, మళ్లీ శెనక్కాయలు వలుచుకుంటా కూర్చునింది.

నాకు ఒళ్లు మండింది. పోయిన నెల ఇదే మనిషి అదే ఆసుపత్రి నుంచి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బీపీ 170 ఉందని చూసి ఆడున్నామె, "మింగమంటే మింగవు, రేపు పక్షవాతం వస్తే మా ప్రాణం తీస్తావు" అని వరసలో ఉన్నోళ్లందరి ముందర అరిచిందంట. 62 ఏండ్ల మనిషిని.

"మరి 1 ఎందుకు నొక్కినావ్‌మా?" అంటే, "మందులైతే ఇస్తాండారు కదప్పా. 2 నొక్కితే ఎవురు నొక్కినారో చూసుకోని, ఆ మాత్రలు గూడా ఇయ్యకపోతే?" అనింది.

ఊరి పేరు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పేరు చెప్పను, అడగొద్దండి. మీ ఇండ్లల్లో పెద్దోళ్లు గూడా ఇంతేనా? ఇట్లా భయంతో నొక్కిన ఒకట్లన్నీ కూడితే వచ్చే లెక్క ఎవురికి పనికొస్తాదో చెప్పండి.

---

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం) · సోమవారం రాత్రి 9:58

ప్రైవేటుకు పోతే నవ్వుతా "కూర్చోండమ్మా" అని నాలుగు వేలు గుంజుతారు. తిట్టినా సరే, మాత్ర ఊరికే వస్తాంది. నవ్వు కొనుక్కునే స్తోమత మనకు లేదు బ్రదర్. మీ అమ్మ సరిగానే నొక్కింది.

---

సంచి_భుజాన (కడప జిల్లా) · సోమవారం రాత్రి 11:15

ఆ అరిచినామె నేనే అయ్యుండొచ్చు తమ్ముడూ. మీ ఊర్లో కాదు, మా ఊర్లో. ఏఎన్ఎంగా, అంటే ఊర్లల్లో టీకాలేసే నర్సుగా, 19 ఏండ్ల సర్వీసు నాది. నేనూ అరిచినాను. ఒకసారి కాదు.

ఒక బుధవారం చెప్తా. టీకాల రోజు. పొద్దున పిల్లకు క్యారియర్ కట్టి, బస్సు పట్టుకుని, ఫోన్‌కు ముఖం చూపిచ్చి హాజరు వేసుకున్నా. నెట్ రాక మూడుసార్లు చూపిచ్చినా. ఐస్ ప్యాకుల డబ్బా మోసుకోని అంగన్‌వాడీకి పోతే పిల్లోళ్ల ఏడుపులు. మధ్యలో ఫోన్‌లో మీటింగు. ఫలానా యాప్‌లో మీ ఎంట్రీలు ఎందుకు తక్కువున్నాయని పై అధికారి అందరూ వింటుండగా నన్ను అడిగినాడు. అడగడం కాదు, కడిగినాడు. అరగంట తర్వాత ఒక ముసలామె షుగర్ పుస్తకం మర్చిపోయి వచ్చింది. సార్ నన్నన్న మాటలే, అదే వరసలో, ఆమెను అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వాకిట్లో చెప్పులు వెతుక్కుంటా చానాసేపు నిలబడింది. అది ఇప్పటికీ కండ్ల ముందర ఉంది.

ఇది సాకు కాదు. మీ అమ్మకు నా బదులు క్షమించమని చెప్పు.

---

చిత్రావతి_గట్టు · సోమవారం రాత్రి 11:31

అక్కా, మీరు ఇట్లా రాస్తారనుకోలేదు. కోపంతో మొదలుపెట్టిన పోస్టు ఇది. రేపు అమ్మకు చదివి వినిపిస్తా.

---

సర్వే_పిల్ల (కర్నూలు) · మంగళవారం ఉదయం 7:20

నేను నర్సింగ్ పీజీ. నా థీసిస్ అచ్చం ఇదే: ఊరి ఆరోగ్య కేంద్రాల్లో 'కరుణతో కూడిన సంరక్షణ', దాని మీద రోగుల సంతృప్తి. శాతాలు అడగొద్దు, ఇంకా లెక్కలు వేయలేదు. కానీ కాగితం పట్టుకుని తిరిగితే తెలిసిన సంగతులు రెండు చెప్తా.

మొదటి రోజు మొదటి అవ్వ. "అవ్వా, ఈడ నిన్ను కరుణతో చూసినారా?" అని ప్రశ్నాపత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివినాను. ఆమె ఆలోచించి, "కరుణ అంటే ఎవరమ్మా, కొత్తగా వచ్చిన నర్సమ్మా?" అనింది. నవ్వొచ్చింది కానీ ఆ రాత్రి కూర్చోని కాగితమంతా తిరగరాసుకున్నా. మనవాళ్లు కరుణ అనరు. "మనసు పెట్టి చూసినారా?" అంటారు. "మొగం చూసి మాట్లాడినారా?" అంటారు. అట్లా అడిగితే ఒక్కొక్కరు పావుగంట చెప్తారు.

రెండోది, ఎక్కడ అడుగుతామన్నది. కేంద్రం వాకిట్లో, మందుల సంచి చేతిలో ఉన్నప్పుడు అడిగితే అందరికీ "బాగుంది". అదే మనిషిని నాలుగు రోజుల తర్వాత ఇంటి అరుగు మీద అడిగితే, "బాగుందిలే గానీ..." అంటారు. ఆ 'గానీ' తర్వాత వచ్చేదే నాకు కావాల్సింది. చిత్రావతి అన్నా, మీ అమ్మ 1 నొక్కడం అబద్ధం కాదు. మందులిచ్చినందుకు ఆమె కృతజ్ఞత నిజమే. ఏడుపూ నిజమే. 1కీ 2కీ మధ్యలో ఆమెకు చోటు ఇయ్యలేదు, అంతే.

స్కాట్లాండ్‌లో 2004లో 'కేర్ మెజర్' అని ఒక కొలత తయారుచేశారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 50. "సంతృప్తి చెందారా" అని అందులో అడగరు. మీ కథ మీరు చెప్పుకోనిచ్చారా, నిజంగా విన్నారా, అర్థమయ్యేలా చెప్పారా, మీతో కలిసి ఏం చేయాలో నిర్ణయించారా, ఇట్లా ఉంటాయి. మనదగ్గర 2016లో కేంద్ర ప్రభుత్వం 'మేరా అస్పతాల్' అని ఫోన్, మెసేజ్, యాప్ ద్వారా రోగుల అభిప్రాయం అడగడం మొదలుపెట్టింది. బాగాలేదంటే ఎందుకని కారణాలు అడుగుతుంది, సిబ్బంది ప్రవర్తన అందులో ఒకటి. కానీ మీ అమ్మలాంటోళ్లు ఆ మెట్టు దాకా పోనే పోరు.

---

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · మంగళవారం ఉదయం 8:05

"కరుణ అంటే కొత్త నర్సమ్మా" 😂😂 ఆఫీసులో టీ ఒలకబోసుకున్నా.

---

గండికోట_గాలి (జమ్మలమడుగు) · మంగళవారం మధ్యాహ్నం 1:10

మీరందరూ మా ఊరి ఆర్ఎంపీని, అదే డిగ్రీ లేని ఊరి డాక్టర్ని, మర్చిపోతాండారు. రాత్రి రెండింటికి తలుపు తడితే లుంగీతోనే వస్తాడు. చెయ్యి పట్టుకుంటాడు, నాలుక చూస్తాడు, కండ్ల రెప్ప కిందికి లాగి చూస్తాడు. డబ్బులు లేకుంటే "శెనక్కాయలు అమ్మినంక ఇయ్యి పెద్దాయనా" అంటాడు. మా జేజికి మోకాళ్ల నొప్పులని పీహెచ్‌సీకి తీస్కపోతే డాక్టరమ్మ తలెత్తకుండా చీటీ రాసిచ్చింది. ఇంటికొచ్చి జేజి అన్నమాట: "నన్ను ముట్టుకోనే లేదురా". మా జేజి లెక్కలో ముట్టుకోకుండా చూసేది చూపే కాదు. ఆర్ఎంపీ సూది వేస్తాడు, రెండు రోజుల్లో లేచి తిరుగుతాది. ఆయనకు సర్వే పెట్టండి, 50కి 50 వస్తాయి.

---

తెల్లకోటు_సీమ (అనంతపురం జిల్లా) · మంగళవారం రాత్రి 10:02

పీహెచ్‌సీలో పని చేసే డాక్టర్ని. గండికోట అన్నా, మీ జేజి రెండు రోజుల్లో లేచి తిరగడానికి కారణం బహుశా ఆ సూదిలో ఉన్న స్టెరాయిడ్. ఎప్పుడో ఒకసారి అవసరం పడొచ్చు. నెలనెలా వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి. దాంతోపాటు రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీల మీద పడుతుంది. అట్లాంటి కిడ్నీలు చూసినవాణ్ని నేను. రోగి మనసు నిండితే వైద్యం బాగున్నట్టు కాదు. సంతృప్తి సర్వేలన్నిటిలోనూ ఉన్న గుంత ఇదే.

కానీ మీ జేజి "ముట్టుకోనే లేదు" అన్నమాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమెను ఆ సూది దగ్గరికి తోలింది మేమే.

సమయం గురించి ఒక మాట. మైదాన ప్రాంతంలో పీహెచ్‌సీకి 30 వేల జనాభా అని లెక్క. సోమవారం మా ఓపీ 90 దాటుతుంది. నాలుగు గంటల్లో 90 మంది, భాగించుకోండి. 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక 67 దేశాల లెక్కలు వేసింది: ఒక రోగితో డాక్టరు గడిపే సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో దాదాపు 2 నిమిషాలు. అంతకన్నా నన్ను గుచ్చింది 1984 నాటి అమెరికా పరిశీలన. రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం పడ్డాడట. అక్కడ టైము లేక కాదు, అలవాటు!

అది చదివాక ఒక రోజు నేను పందెం కాసుకున్నా, ఎవరికీ అడ్డం పడకూడదని. చాలామంది నిమిషంలోపే వాళ్లంతట వాళ్లే ఆగారు. ఒకామె మాత్రం కోడలితో మొదలుపెట్టి, ఆవుకు గొంతువాపు దాకా పోయి, ఎనిమిది నిమిషాల తర్వాత "ఇంకోటి సార్, నడిస్తే ఈడ పట్టేసినట్టు ఉంటాంది" అని రొమ్ము మీద చెయ్యి పెట్టింది. ఈసీజీ తీసి వెంటనే పంపించాం. రోజూ లాగే ఆవు దగ్గర అడ్డం పడి ఉంటే కడుపుమంట మాత్ర ఇచ్చి పంపేవాణ్ని.

చిత్రావతి గారూ, ఒక సందేహం. అమ్మగారు వేసుకునే మాత్ర ఏది? అట్ట ఉంటే పేరు చూసి చెప్పండి. వేసుకుంటున్నారా అని అడగొద్దు. "ఆ మాత్రతో ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడగండి.

---

పాత_కాంపౌండర్ (ప్రొద్దుటూరు) · బుధవారం ఉదయం 6:15

నాయనలారా, ముప్పై ఏండ్లు మందులిచ్చి రిటైర్ అయినవాణ్ని. మా కాలంలో హస్తవాసి అనేవాళ్లు. అదే మిక్స్చరు, అదే సీసా, కానీ ఫలానా డాక్టరు చేత్తో రాస్తేనే తగ్గేది. నేను నవ్వుకునేవాణ్ని, ఎందుకంటే ఆ మిక్స్చరు కలిపేది నేను! తర్వాత తెలిసింది. ఆ డాక్టరు రాసింది జనం ఇంటికి పోయి తాగేవాళ్లు. మిగతావాళ్లు రాసింది పెరట్లో పారబోసేవాళ్లు.

1978లో ఆల్మా ఆటాలో ప్రాథమిక ఆరోగ్యం అని పెద్ద ప్రకటన చేశారు, అప్పట్లో మీటింగుల్లో అదే మాట. అందులో ప్రజల భాగస్వామ్యం అని ఉంది. మా పీహెచ్‌సీలో ప్రజలకు కూర్చోను బల్ల కూడా ఉండేది కాదు. ఊరాయన ఒకాయన చింతచెట్టు కింద రెండు కడప బండలు వేయించాడు. సంతృప్తి అప్పుడు పెరిగింది.

---

నిర్వాహకుడు · బుధవారం ఉదయం 9:30

రాత్రికి రాత్రి 11 పోస్టులు తీసేశాను. 'ఫ్యామిలీ డాక్టర్' పథకం ఎవరు తెచ్చారు, పేర్లు ఎవరు మార్చారు అనే గొడవకు వేరే దారం ఉంది, ఆడికి పోయి కొట్టుకోండి. ఇక్కడ అమ్మ బీపీ గురించి మాట్లాడుకుంటున్నాం.

---

చిత్రావతి_గట్టు · బుధవారం రాత్రి 8:45

డాక్టరు సార్‌కు వెయ్యి దండాలు.

అట్ట మీద ఆమ్లోడిపిన్ 5 అని ఉంది. సార్ చెప్పినట్టే అడిగినా, ఫోన్‌లోనే. అటుపక్క చానాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "అది మింగితే సాయంత్రానికి కాళ్లు కడవల మాదిరి అయితాయప్పా. చెప్పులు పట్టవు. కలుపు తీయను కూర్చుంటే లేయలేను. అందుకే ఆసుపత్రికి పోయే ముందర నాలుగు రోజులు మింగి పోతా."

రెండేండ్లుగా ఇదే జరుగుతాంది. రెండేండ్లుగా "మింగుతున్నావా?" అనే అడిగినారు, నేను గూడా అదే అడిగినా. ఎందుకు మింగడం లేదని ఒక్కరూ అడగలేదు. కొడుకునయ్యుండి నేనే అడగలేదు, ఇంక ఆడున్నామెను ఏమనేది.

---

తెల్లకోటు_సీమ · బుధవారం రాత్రి 9:10

అనుకున్నా. ఆ మాత్రతో కాళ్లు వాయడం తెలిసిన ఇబ్బందే, ఆడవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. కానీ మీరే మార్చొద్దు, ఆపొద్దు. గుండె, కిడ్నీ వల్ల కూడా వాపు వస్తుంది, చూడకుండా చెప్పలేం. ఊర్లో విలేజ్ క్లినిక్ ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. ఇప్పుడు నాకు చెప్పిన మాటలే అమ్మగారు అక్కడ చెప్పాలి, మీరు కాదు.

---

సంచి_భుజాన · బుధవారం రాత్రి 9:26

104 బండి వచ్చే రోజు కనుక్కోని పో తమ్ముడూ, డాక్టరు ఊర్లోకే వస్తారు. ఆ రోజు దొరక్కపోతే క్లినిక్‌లో ఉండే పిల్లకు చెప్తే ఈ-సంజీవనిలో డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తాది. పొద్దున్నే పోవద్దు, రద్దీ. పదకొండు దాటినంక పో. ఖాళీగా ఉన్న మనిషికే ఓపిక ఉంటాది, ఇది నా అనుభవం.

---

కొండారెడ్డి_బురుజు · గురువారం ఉదయం 10:40

నాదొక ప్రశ్న, సర్వే అక్కకు. మర్యాదను ఎట్లా కొలుస్తారు? మా క్లినిక్‌లో అందరినీ "మీరు, గారు" అనాలని గోడ మీద కాగితం అంటించారు. మా నాయన ఇంటికొచ్చి "ఆ పాపకు నా మీద కోపమేమో, మీరు అంటాంది" అని బాధపడినాడు 😄

---

సర్వే_పిల్ల · గురువారం మధ్యాహ్నం 2:15

భలే చెప్పినావ్ అన్నా, నేను ఇక్కడే బోర్లా పడ్డా. "గౌరవంగా సంబోధించారా?" అనే ప్రశ్నకు ఒక పెద్దాయన "లేదు" అన్నాడు. ఎందుకంటే, "కొత్తోళ్లని పిలిచినట్టు పిలిచింది" అన్నాడు! మన సీమలో "అవ్వా, ఏం తిన్నావే?" అంటే అందులో మర్యాద కాదు, అంతకన్నా పెద్దది ఉంది. "ఏయ్, నీకే చెప్పేది" అన్నా నువ్వే. రెండూ ఏకవచనమే. కాగితం మీద టిక్కు పెట్టేవాళ్లకు తేడా తెలీదు, వినేవాళ్లకు చెవిలో పడగానే తెలుస్తుంది. గర్భిణుల దగ్గర మాత్రం వేరే. కాన్పు గదిలో తిట్టించుకున్న ఆడోళ్లు ఆ మాటలు పదేండ్ల తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్తారు. అవి నేనిక్కడ రాయలేను.

---

శెనక్కాయ_చేను · గురువారం రాత్రి 10:20

నేను మొదట రాసింది వెనక్కి తీసుకోను గానీ, మా ఆవిడ ఇదంతా చదివి "నా రెండో కాన్పుకు ఎందుకు గవర్మెంటుకు రానన్నానో ఇప్పుడైనా అర్థమయ్యిందా?" అనింది. ఆమె చెప్పింది నేను ఇంతకాలం డాబు అనుకున్నా. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి పోయింటిమి అప్పుడు, అంత దూరం. ఇప్పుడు అడిగితే చెప్పింది, ఆడ నొప్పులప్పుడు ఒక నర్సు నడుం నిమిరిందంట. ఆ ఒక్కటే గుర్తుందంట.

---

చిత్రావతి_గట్టు · పదిహేను రోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:30

పోయినాము. పదకొండున్నరకు. క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరు కాదు, క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగి) పాప ఒక్కతే ఉంది, పాతికేండ్లు ఉంటాయేమో. అమ్మ అలవాటు ప్రకారం వాకిట్లోనే చెప్పులిడిచి, చెయ్యి చాపుకుని, తిట్లకు తయారుగా నిలబడింది.

ఆ పాప బల్ల అవతల నుంచి తన ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకోని వచ్చి అమ్మ పక్కన వేసుకుంది. "దా అవ్వా, కాసేపు ఊపిరి పీల్చుకో, అప్పుడే చూడకూడదు బీపీ" అనింది. ఐదు నిమిషాలు ఊర్లో వాన సంగతి మాట్లాడినారు. తర్వాత అమ్మ తనంతట తానే చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి "ఇది చూడు తల్లీ" అనింది. ఆ పాప కింద గొంతు కూర్చోని, చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టుకుని తీసింది. గుంత అట్లే ఉండిపోయింది. "రెండేండ్లు ఇట్లా నడిచినావా అవ్వా?" అనింది. ఇంకేం అనలేదు. మింగలేదని తిట్టలేదు.

వీడియోలో డాక్టరుతో మాట్లాడింది, రక్తం, మూత్రం తీసుకుంది. కిడ్నీ బాగుందని తేలినాక టెల్మిసార్టాన్‌కు మార్చినారు. ఏం తింటావని గూడా అడిగింది. సంగటి, ఊరిబిండి అంటే, "సంగటి మంచిదే, ఊరిబిండిలో ఉప్పు సగం తగ్గించు, మానేయొద్దులే" అనింది. ఇంతకు ముందర ఎవరో రోజూ చపాతీ తినమని చెప్పింటే అమ్మ ఇంట్లో గోధుమపిండి పురుగు పట్టిపోయింది.

నిన్నటి బీపీ 138. కాళ్లు చెప్పుల్లో పడుతున్నాయి. ఇంకో ముచ్చట: పక్కింటి ఆమెను గూడా వెంటబెట్టుకోని పోయింది, "మా పాప చూస్తాది దా" అని.

---

గండికోట_గాలి · ఆదివారం రాత్రి 8:00

మంచిమాట విన్నాం. మా జేజిని గూడా తీస్కపోవాల మా ఊరి క్లినిక్‌కు. ముట్టుకుంటారో లేదో ముందర నేను పోయి కనుక్కోనొస్తా.

---

తెల్లకోటు_సీమ · ఆదివారం రాత్రి 10:40

గుంత పడిందా లేదా చూడ్డానికి ఐదు సెకన్లు. కింద కూర్చోవాలి, అంతే. నేను ఈ ఏడాదిలో ఎన్నిసార్లు కింద కూర్చున్నానో లెక్కపెట్టుకుంటున్నా. 

గండికోట అన్నా, జేజి వేయించుకున్న సూదుల సీసాలు ఉంటే పట్టుకెళ్లండి, పారేయకండి. షుగర్ తప్పకుండా చూపించండి.

---

చిత్రావతి_గట్టు · ఐదు నెలల తర్వాత, శనివారం రాత్రి 7:55

పాత దారం పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మళ్లీ సర్వే కాల్ వచ్చింది. అదే గొంతు. ఈసారి అమ్మ నొక్కలేదు, ఫోన్ నా చేతికిచ్చింది. బీపీ బాగానే ఉంది, మాత్రలు మింగుతాంది. కానీ ఆ పాపకు పోయిన నెల వేరే ఊరికి బదిలీ అయ్యింది. కొత్తగా వచ్చినామె మంచిదే, అరవదు. కానీ అమ్మ పోయినప్పుడు "పేరేంటి, వయసెంత, ఎన్నాళ్ల నుంచి బీపీ" అని మొదటి నుంచి అడిగిందంట. అమ్మ కాళ్ల వాపు సంగతి మళ్లా చెప్పుకోలేక ఊరికే వచ్చేసింది.

"మందులు ఇస్తాండారు, బాగానే ఉంది. మన పాప పోయింది. దీనికి ఏ నెంబరు నొక్కల్లప్పా?" అని అడిగింది. నేను ఆలోచించే లోపల కాల్ కట్ అయిపోయింది.

---

సంచి_భుజాన · శనివారం రాత్రి 8:20

ఏ మండలానికి పోయింది తమ్ముడూ ఆ పాప? పేరు ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా చెప్పు. కొత్తామె నెంబరు ఇప్పిస్తా ఆ పాపకు. మీ అమ్మది ఒక్కటే కాదు, అట్లాంటి అవ్వలు ఇంకా ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరి సంగతి ఫోన్‌లో చెప్పమంటా.